మళ్ళీ కొనుక్కునే ఆట

పేకాటలో డబ్బైపోయినవాడు లేచి కండువా దులుపుకొని ఇంటికి పోవడం పాత ధర్మం. "కూర్చో నాయనా, ఇంకో పది పారేస్తే సరి!" అని బుజ్జగించి కూర్చోబెట్టడం కొత్త ధర్మం. పోకరులో దీనికి రీబై అని పేరు. అంటే మళ్ళీ కొనుక్కోవడం.

మన దేశంలో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. కనుక ఇక్కడి పాఠకులకు ఇది కాలక్షేపం కబురు మాత్రమే. అమెరికాలోని న్యూజెర్సీలో మాత్రం 2013 నుంచి ఆన్‌లైన్ పోకరు చట్టసమ్మతం. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా స్నేహితుడి కొడుకు, "బాబాయ్, పది డాలర్ల ఆటలో బహుమతి వచ్చినా జేబు ఖాళీ అవుతోంది, ఏమిటీ మాయ?" అని రాశాడు. నేను క్లబ్బులో రమ్మీ ఆడేవాణ్ణే గాని, లెక్క ఎక్కడైనా లెక్కే గదా!

అతను ఆడే ఆట ఇది. పది డాలర్లు, పైన రుసుము ఒక డాలరు కడితే 1500 బిళ్ళలు ఇస్తారు. మొదటి గంటలో చేతిలో బిళ్ళలు 1500కు మించకుండా ఉంటే, మరో పది కట్టి మరో 1500 పుచ్చుకోవచ్చు. కూర్చున్న క్షణానే పుచ్చుకొని 3000తో మొదలెట్టవచ్చు కూడాను. గంట కాగానే అందరికీ ఒక్కసారి కొసరు: పది డాలర్లకు 2000. ఆ తరువాత పోయినవాడు పోయినట్టే.

మావాడు మొదట్లోనే రెట్టింపు తీసుకున్నాడు. 21 డాలర్లు అయినాయి. గంటలో రెండుసార్లు మునిగి, రెండుసార్లూ ఇరవై చొప్పున కట్టాడు: 61. కొసరుతో 71. చివరికి పద్నాలుగోవాడిగా నిలిచి 42 డాలర్లు పుచ్చుకొని, "నెగ్గాను" అని భార్యతో చెప్పాడట. అబద్ధమని అనలేం, నిజమనీ అనలేం!

అలాగని అతను చేసిందంతా తెలివితక్కువ పనేమీ కాదు. మొదట రెట్టింపు తీసుకోవడం మంచిదే. రెండు ఆసులు చేతికొచ్చిన వేళ ఎదుటివాడు 3000 ఒడ్డితే, మీ దగ్గర 1500 ఉంటే వాడి నుంచి గెలిచేది 1500 మాత్రమే. కొసరూ మంచి బేరమే. మామూలుగా డాలరుకు 150 బిళ్ళలు, కొసరులో 200. నాలుగువేలున్న వాడికి అది సగం బలం. నలభైవేలున్న వాడికి సముద్రంలో కాకిరెట్ట.

చిక్కంతా ఆ మొదటి గంటలోనే. మళ్ళీ కొనుక్కోవచ్చుననే ధీమాతో ప్రతివాడూ చెత్త ముక్కలకు కూడా ఉన్నదంతా తోసేస్తాడు. అది చూసి మనకూ చేతులు దురద పెడతాయి. అలాంటి గంటలో బుకాయింపు శుద్ధ దండగ. ముక్కలు పారేసి తప్పుకొనేవాడుంటే గదా బుకాయించడానికి! మంచి ముక్కలు వచ్చేదాకా ఓపిక పట్టి, వచ్చాక గట్టిగా ఒడ్డడమే పని. గంట దాటాక మళ్ళీ కొనే దారి మూసుకుపోతుంది. అందరికీ ప్రాణభయం పుడుతుంది. బుకాయింపుకు అప్పుడు విలువ వస్తుంది. సరిగ్గా అప్పుడే మావాడు గంటసేపు అలవాటైన దూకుడు మానలేకపోయాడు.

ఇక జేబు సంగతి. పదిసార్లు కట్టగలవాడికీ, ఒక్కసారి కట్టగలవాడికీ మధ్య జరిగే ఆట సమానమైన ఆట కాదు. లాస్ వేగాస్‌లో ఏటా జరిగే ప్రపంచ పోకరు పోటీల నుంచి 2009లో రీబై పందేలను తీసేశారు. డబ్బున్నవాడికే మొగ్గు అన్న సణుగుడు అప్పటికే ఉంది. తరువాత రీ ఎంట్రీ అనే పేరుతో దాని చుట్టమే మరో గుమ్మంలోంచి వచ్చిందనుకోండి!

అందుచేత మావాడికి రాసిందేమంటే: నీది పది డాలర్ల ఆట కాదు, ఒక్కసారీ మునగకపోయినా ముప్ఫై ఒకటి, మునిగితే యాభై, డెబ్భై. రాత్రికి యాభయ్యే పెట్టగలిగితే అయిదు డాలర్ల ఆటలో కూర్చో. ఎన్నిసార్లు కొంటావో కూర్చోక ముందే కాగితం మీద రాసిపెట్టు, మునిగిన వేడిలో తేల్చుకోకు. ఆ కాగితం నీ దగ్గర గాక అమ్మాయి దగ్గర ఉంచు.

మొదటి సలహాలన్నిటికీ వెంటనే ధన్యవాదాలు వచ్చాయి. ఆఖరి దానికి ఇంకా జవాబు రాలేదు.