లారీ తోలుకుంటా, పోండి!

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక జబ్బుంది. అర్ధరాత్రి ప్రొడక్షన్‌లో ఏదో కూలి, తెల్లారేసరికి మేనేజరు "రూట్ కాజ్ ఏంటి" అని అడిగినప్పుడు బయటపడుతుంది. ఒకడు వ్యవసాయం చేసుకుంటానంటాడు, ఇంకొకడు టిఫిన్ సెంటర్ అంటాడు. నా మటుకు నాకు ఎప్పుడూ లారీయే.

దానికి కారణం మా బాబాయి. కైకలూరు నుంచి హౌరాకి చేపల లోడు తోలేవాడు. చిన్నప్పుడు మా దృష్టిలో ఆయన హీరో. నాన్నగారు గుమాస్తా, ఆయన పనికి ఆదివారం కూడా అంతుండేది కాదు. బాబాయికి మాత్రం లోడు దింపితే పని అయిపోయినట్టే (అని మేం అనుకునేవాళ్ళం). వచ్చేటప్పుడు రసగుల్లా డబ్బా తెచ్చేవాడు.

2023 ఫిబ్రవరిలో నా ఉద్యోగం పోయింది. పావుగంట కాల్, అంతే. అప్పటికి నాకు 44 ఏళ్ళు. ఇంటి లోన్ ఉంది, ఇద్దరు పిల్లల ఫీజులున్నాయి. రెండు నెలలు రెజ్యూమేలు పంపి పంపి విసిగిపోయి, ఒకరోజు మా ఆవిడతో "లారీ తోలుకుంటా, పో" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "తోలండి, ఇంట్లో కూర్చుని నా మీద అరవడం కంటే నయం" అంది.

సరే అని నిజంగానే హెవీ లైసెన్సు తీశాను. కారు లైసెన్సు ఏడాది పాతదై ఉండాలి, డ్రైవింగ్ స్కూల్ సర్టిఫికెట్ కావాలి, డాక్టరు కాగితం కావాలి. ఎనిమిదో తరగతి చదివుండాలన్న నిబంధన కూడా 2019లో ఎత్తేశారు కాబట్టి నా ఎంసీఏని ఎవరూ అడగలేదు. తర్వాత మా బాబాయి కొడుకు బండి మీద రెండో డ్రైవరుగా రెండు ట్రిప్పులు వేశాను. వాడిది సొంత బండే, అంటే ఫైనాన్స్ వాళ్ళది.

ఆ రెండు ట్రిప్పుల్లో నేర్చుకున్నది గేర్లూ స్టీరింగూ కాదు. అవి నెల్లాళ్ళలో చేతికొస్తాయి. (రివర్స్ మాత్రం ఇప్పటికీ రాదు.) కైకలూరులో ఐసు కొట్టి బొచ్చె, శీలావతి పెట్టెల్లో సర్దడం మొదలైతే అందరికీ తొందరే. ఐసు కరిగేలోపు దాదాపు 1,200 కిలోమీటర్లు పోవాలి. ఒకడు తోలుతుంటే ఒకడు వెనక బెర్తు మీద పడుకోవాలి. ఇంజను వేడికి క్యాబిన్ కుంపటిలా ఉంటుంది, నిద్రెక్కడ పడుతుంది? లారీ క్యాబిన్‌కి ఏసీ తప్పనిసరి చేసింది 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే బళ్ళకి. మావాడి బండి అంతకు చాలా ముందుది.

ఇంత పరిగెత్తి వెళ్ళాక అక్కడ మార్కెట్లో గంటలో సరుకు దింపేశారు. నా చిన్ననాటి లెక్క ప్రకారం పని అయిపోయింది కదా! అక్కడే అసలు పని మొదలైంది. తిరుగు లోడు దొరకాలి. ఖాళీగా వస్తే డీజిలూ టోలూ మన నెత్తినే. బ్రోకరు "రేపు" అన్నాడు, మర్నాడు మళ్ళీ "రేపు" అన్నాడు. ఒక గోడౌన్ బయట రెండున్నర రోజులు పడున్నాం. స్టవ్వు మీద అన్నం వండుకోవడం, డబ్బులిచ్చి స్నానం చేయడం, టైర్లకీ డీజిలు ట్యాంకుకీ కాపలా కాయడం. ఈ రెండున్నర రోజులకి ఎవరూ ఎవరికీ పైసా ఇవ్వరు. హాల్టింగ్ చార్జీలని ఒక మాటుంది గానీ, గట్టిగా అడిగినవాడికి ఆ బ్రోకరు దగ్గర మళ్ళీ లోడుండదట.

నా ఉద్యోగంలో బిల్డ్ అయ్యేదాకా కూర్చుంటాను, క్లయింటు నిద్రలేచేదాకా కూర్చుంటాను, మీటింగులో ఊరికే కూర్చుంటాను. అన్నిటికీ జీతం పడుతుంది. లారీకి చక్రం తిరిగితేనే డబ్బు. చక్రం ఆగిన కాలమంతా డ్రైవరు తన జేబులోంచి మనకిస్తున్న అప్పు. మనం దాన్ని చూసి "ఎంత స్వేచ్ఛ!" అనుకుంటాం.

డాలస్‌లో ఉన్న నా స్నేహితుడు, అమెరికాలో ఇలా ఉండదురా, అన్నాడు. కొంత నిజమే. అక్కడ పది గంటల విశ్రాంతి తర్వాత 11 గంటలకి మించి తోలకూడదు, లెక్క బండిలో పెట్టిన ఎలక్ట్రానిక్ పరికరమే రాసుకుంటుంది. కానీ అక్కడా చాలామందికి మైలు లెక్కనే జీతం. లోడింగ్ దగ్గర గంటల తరబడి ఆగితే అక్కడా గొడవే. ఫెడరల్ చట్టంలో ఓవర్‌టైమ్ హక్కు లేనివాళ్ళలో రాష్ట్రాలు దాటే లారీ డ్రైవర్లూ ఉన్నారు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లూ ఉన్నారు. ఆ విషయంలో మనం ఒకటే కులం! అన్నట్టు ఆ స్నేహితుడిది హెచ్‌1బి. లారీ ఎక్కుదామన్నా వీసా ఒప్పుకోదు.

ఇక్కడ చట్టాలు లేవనుకోకండి. 1961లోనే మోటారు కార్మికుల చట్టం రోజుకి 8 గంటలే అంది. (2025 నవంబరులో అది కొత్త లేబర్ కోడ్‌లో కలిసిపోయింది.) కానీ అది వర్తించింది ఐదుగురికి తగ్గకుండా పనిచేసే సంస్థలకి. ఒక్క బండి ఉన్న మా తమ్ముడి లాంటివాడు అందులోకి వచ్చేదే లేదు. వాడే ఓనరు, వాడే కార్మికుడు. ఎవరి మీద ఫిర్యాదు చేస్తాడు?

ఆ అక్టోబరులో నాకు మళ్ళీ ఉద్యోగం దొరికింది, పాత జీతం కంటే బాగా తక్కువకి. ఎగిరి గంతేసి చేరాను. 2024 జనవరి 2న హైదరాబాదు పెట్రోలు బంకుల దగ్గర చాంతాడంత క్యూలు గుర్తున్నాయా? ప్రమాదం చేసి పోలీసులకి చెప్పకుండా పారిపోతే పదేళ్ళదాకా జైలని కొత్త సెక్షన్ తెస్తే డ్రైవర్లు సమ్మె చేశారు. క్యూలో నా ముందున్నాయన "గుద్ది పారిపోతారు, పైగా సమ్మె ఒకటి" అని తిడుతున్నాడు. రాత్రి రెండింటికి ఊరి మధ్యలో లారీ ఆపి దిగితే ఏమవుతుందో మా బాబాయి వీపు మీది మచ్చ చెబుతుంది. ఆ తప్పు ఎదుటి మోటారు సైకిలువాడిదని తర్వాత తేలింది. ఆ మాట ఆయనకి చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. మెడలో కంపెనీ ట్యాగ్ వేసుకుని, కారుకి పెట్రోలు కోసం నిలబడి, నేను డ్రైవర్ల తరఫున ఏం మాట్లాడను? ఆ సెక్షన్‌ని ఆ జూలైలో మిగతా చట్టంతోపాటు అమల్లోకి తేకుండా పక్కన పెట్టారు, అది వేరే సంగతి.

సాఫ్ట్‌వేర్ మానేసి లారీ ఎక్కిన మనిషి గురించి గొప్పగా చెప్పుకుంటే వినడానికి బాగానే ఉంటుంది. కానీ నాకు అది ఏడు నెలల సెలవు లాంటిది. దిగిపోవడానికి నాకు మెట్టుంది. మావాడికి కిస్తీ ఉంది.

నా లైసెన్సు 2028 దాకా ఉంది. మొన్న సంక్రాంతికి వెళ్తే తమ్ముడు లారీ పక్కకి పిలిచి, "అన్నయ్యా, మావాడు ఇంటర్‌కొచ్చాడు, వాడికి పైథాన్ గట్రా చెప్తావా? బండి దగ్గరికి మాత్రం రానివ్వను" అన్నాడు. ఆదివారం పొద్దున ఏడింటికి ఫోన్లో కూర్చుంటున్నాం. పిల్లాడు చురుకైనవాడే. పోయిన వారం లూప్ దాకా వచ్చాం.