జామచెట్టు కొట్టేసి ఆర్గానిక్ జామకాయలా?

మొన్న వీకెండ్ మంగళగిరి వెళ్ళా. మా వీధిలో ఇంకో పెరడు పోయింది. జామచెట్టు ఉన్నచోట పార్కింగ్ టైల్స్! అడిగితే "ఆకులు ఎవరు ఊడుస్తారండీ?" అన్నారు.

నన్నూ కలుపుకునే తిడుతున్నా లెండి. ఆరేళ్ళ క్రితం మా ఇంట్లో సపోటా కొట్టించింది నేనే, కారు కోసం. ఆ కారు అక్కడ ఏడాదికి పట్టుమని పదిరోజులుండదు. అమ్మ అప్పుడేమీ అనలేదు. ఇప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ టైల్స్ మీద కాలు పెట్టలేక వసారాలోనే కూర్చుంటోంది.

ఇక మన సాకులు చూద్దాం.

"చోటు లేదు." జామకీ, నిమ్మకీ పదడుగులు చాలు. ఏటా కొమ్మలు కత్తిరిస్తే చెప్పినమాట వింటాయి.

"ఎప్పటికి కాసేను?" అంటుజామ రెండు మూడేళ్ళలో కాస్తుంది. మన హోమ్ లోన్ కన్నా చాలా ముందే!

"వేసినా బతకట్లేదు." నల్లరేగడిలో నీళ్ళు నిలిస్తే వేర్లు కుళ్ళిపోతాయి. మట్టి ఎత్తుచేసి నాటండి. మీరు విసుక్కునే ఆ ఆకుల్నే పాదులో పరవండి, అదే ఎరువు.

కార్బైడుతో పళ్ళు మగ్గబెట్టకూడదని 2011 ఆహారభద్రత నిబంధనల్లోనే ఉంది. అయినా బజార్లో పండు కొనేటప్పుడు మనకి అనుమానమే. పెరట్లో కాయకి ఆ అనుమానం ఉందా? చేతిలో ఉన్నది నరికేసి, సూపర్‌మార్కెట్లో "ఆర్గానిక్" స్టిక్కరుకి డబ్బులు పోస్తున్నాం. దీన్ని డెవలప్‌మెంట్ అంటారా?

నేనైతే టైల్స్ పీకించి అంటుజామ నాటా. కారు వీధిలో ఉంది. నన్ను తిట్టాలనుకుంటే తిట్టండి, కాకపోతే ముందు గునపం పట్టుకోండి.