ఆ అలసటకు ఫోన్‌లోనూ చికిత్స ఉంది

మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ పాతబస్తీలో శాలిబండ గడియార స్తంభం దాటి అలియాబాద్ వైపు నడిస్తే ఆరోగ్యవంతులకే తల దిమ్మెక్కుతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎంఎస్ ఉన్నవారికి ఆ ఎండ మరీ కష్టం. ఒళ్లు కాస్త వేడెక్కితే చాలు, పైపొర దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు తడబడతాయి. చూపు మసకబారుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. శ్రమ తర్వాత చూపు ఇలా మసకబారడాన్ని 1890లోనే జర్మన్ నేత్రవైద్యుడు ఉట్‌హాఫ్ వర్ణించాడు.

ఎండ అందరికీ తెలుస్తుంది. ఇదే జబ్బు తెచ్చే బుర్ర అలసట మాత్రం పక్కవాళ్లకు కనబడదు. పాతబస్తీలో ఇంటిపట్టున జరీ పని చేసే మహిళకు ఈ జబ్బు ఉందనుకుందాం. కాసేపటికే కుట్ల లెక్క తప్పుతుంది, ఎదుటివారి మాట సగంలో జారిపోతుంది. చేతులు బాగానే ఆడుతున్నాయి కదా, బద్ధకం అంటారు ఇంట్లోవాళ్లు. ఆ మాట అన్యాయం. ఎంఎస్ రోగుల్లో సుమారు ముప్పావు వంతు మందిని అలసట పీడిస్తుంది.

మాత్రలతో పోతుందా? అమెరికాలో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో అమాంటడిన్, మొడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్ మూడూ ఉత్తుత్తి మాత్రను మించి పనిచేయలేదు. 2024లో 336 మందిపై వచ్చిన మరో అధ్యయనం ఫోన్‌లో ఇచ్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ) అనే మాటల చికిత్సను, మొడాఫినిల్‌ను, రెండింటి కలయికను 12 వారాలు పోల్చింది. అలసట మూడింటిలోనూ దాదాపు ఒకేలా తగ్గింది. ఉత్తుత్తి మాత్రతో పోల్చలేదన్న లోటు ఉన్నా, మాటల చికిత్స మందుకు తీసిపోలేదన్నది చిన్న విషయం కాదు.

సీబీటీ అంటే ధైర్యం చెప్పడం కాదు. ఎప్పుడు, ఏ పనికి బుర్ర మొద్దుబారుతోందో రోజూ రాసుకోవాలి. లెక్కల్లాంటి పని పొద్దున్నే ముగించాలి. టీవీ కట్టేసి ఒక్క పనే పట్టుకోవాలి, డీలాపడక ముందే ఆగాలి. బాగున్న రోజు అన్నీ చేసేసి తర్వాత రెండు రోజులు మంచం పట్టే అలవాటు మానాలి. ‘నేనిక పనికిరాను’ అన్న ఆలోచన ఎంతవరకు నిజమో సలహాదారుతో కలిసి తరచి చూడాలి. అంతకుముందు రక్తహీనత, థైరాయిడ్, నిద్రలేమి, కుంగుబాటు ఉన్నాయేమో వైద్యులు తేల్చాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఎంఎస్ ఒకటి. ఆ గుర్తింపు ఇంటిదాకా రావాలి. శాలిబండ నుంచి పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రికి వెళ్లిరావడానికే రోజు ఓపికంతా ఖర్చవుతుంది. మానసిక సాయానికి 14416 టెలిమానస్ ఫోన్ సేవ ఉన్నట్టే, న్యూరాలజీ విభాగాలు శిక్షణ పొందిన సలహాదారులతో తెలుగులో, ఉర్దూలో ఫోన్ చికిత్స మొదలుపెట్టాలి. ఆ కాల్ రోగి బుర్ర తేరుకుని ఉన్న వేళకే పెట్టాలి, ఇంటి పని పంచుకోవలసినవారినీ పక్కన కూర్చోబెట్టాలి.