ఆ గుడ్లగూబ ఎవరిది?

మొన్న ఫెస్ట్ పోస్టర్ కోసం నెట్‌లో వెతుకుతుంటే ఒక గుడ్లగూబ బొమ్మ దొరికింది. ఈకలు సూర్యకిరణాల్లా విచ్చుకుని భలే ఉంది. డౌన్‌లోడ్ చేసి పెట్టేశా. "ఎవరు గీశారన్నా?" అని ఒక జూనియర్ అడిగితే, "ఏదో ట్రైబల్ ఆర్ట్ లేరా" అనేశాను.

తర్వాత సిగ్గేసి వెతికాను. దాని పేరు 'ది ఎన్‌చాంటెడ్ ఔల్'. గీసినావిడ కెనోజువాక్ ఆషెవాక్, కెనడా ఆర్కిటిక్‌కి చెందిన ఇన్యూట్ కళాకారిణి. 1960లో, అప్పట్లో కేప్ డోర్సెట్ అనే ఊళ్లో, ఆవిడ గీసిన బొమ్మని రాతిపలక మీద చెక్కి, రంగు పూసి, కాగితం మీద ప్రింట్లు తీశారు. 1970లో కెనడా దాన్ని పోస్టల్ స్టాంపుగా వేసింది. ఇదంతా నా "ఏదో"లో కొట్టుకుపోయింది.

గిట్‌హబ్‌లో లైసెన్స్ లేని కోడ్ కనిపిస్తే అది ఫ్రీ అని కాదు, హక్కులు రాసినవాళ్లవే అని మనకి తెలుసు. బొమ్మ దగ్గరికొస్తే మాత్రం "గిరిజన కళ కదా, అందరిదీ" అంటాం. పేరున్న మనిషి గీసినా సరే!

అసలైన ఇన్యూట్ పనిని గుర్తుపట్టడానికి కెనడా ప్రభుత్వం 1958లోనే ఇగ్లూ బొమ్మున్న ట్యాగ్ తెచ్చింది. 2017 నుంచి అది ఇన్యూట్ ఆర్ట్ ఫౌండేషన్ చేతిలో ఉంది. శిల్పానికైతే ట్యాగ్ కట్టొచ్చు. డౌన్‌లోడ్‌కి ఎవరు కడతారు? "మనం అమ్మట్లేదుగా" అంటే సరిపోదు. పేరు తెలుసుకోవాలి, అనుమతి అడగాలి, కుదరకపోతే వదిలేయాలి.

మేం వదిలేశాం. కొత్త పోస్టర్‌లో ఉన్నది ఆ జూనియర్ గీసిన బొమ్మ. కింద వాడి పేరు కూడా ఉంది.