నతగిరి కనుమలో కాలిబాట

1689 వేసవిలో జపాను కవి మత్సువో బషో, శిష్యుడగు సోరాతో గూడి, గుఱ్ఱములకును మనుష్యులకును ఒకే కప్పు నీడనిచ్చు సకాయిదా సరిహద్దు కావలివాని యింట వానకు చిక్కి, పిమ్మట ఒబనజవాకు పోవుటకై దాటిన నతగిరి కనుమ, సుమారు 470 మీటర్ల ఎత్తుదే యైనను, ఆనాడు తోడులేనిదే దాటరానిదిగా నెన్నబడుచుండెను. నడుమున వంకకత్తి దోపి, చేత ఓకు కఱ్ఱ బూని, అడవి చీకటిలో ముందు నడచిన యువకుని అడుగుజాడలే కవికి త్రోవ.

నేడు కొండను దొలిచిన సొరంగమున వాహనములు క్షణములలో ఆవలికి పోవుచున్నవి. సొరంగము వలదని నేననను. మంచు పేరుకొను మాసములలో ఆ పల్లెలవారికి అది యెంతో అవసరము. కాని బషో యాత్రాగ్రంథమును ప్రేమించి అంతదూరము వచ్చినవారు, వృక్షముల నీడలో మెలికలు తిరుగు పాతబాటను త్రొక్కక మరలిపోవుట నాకు మిక్కిలి బాధాకరము. ఆ చీకటిని, ఆ నిటారును కాళ్లతో ఎఱిగిననే, క్షేమముగా దాటించితినని మురియుచు వెనుదిరిగిన ఆ యువకుని సంతోషమును, ఒబనజవాలో కుసుమపూల వర్తకుడగు సెయిఫూను కలసి బషో పదిరాత్రులు ఆ యూర విశ్రమించుటను మనము చక్కగా గ్రహింపగలము.