అసంపూర్ణ గీతం

కళాకారుని గొప్పతనాన్ని అతని కృతుల సంఖ్యతో కొలిచే అలవాటు లోకంలో ఉంది. వాసిని విడిచి రాశిని లెక్కించే ఈ పద్ధతి ఎంత లోపభూయిష్ఠమో తెలియడానికి 'స్నాట్' అనే అమెరికన్ సంగీత బృందం చరిత్ర చాలు.

1990వ దశకంలో అమెరికాలో 'న్యూ మెటల్' అనే సంగీతరీతి ప్రచారంలోకి వచ్చింది. హెవీ మెటల్ గిటారు గర్జనకు ర్యాప్ మాటల వడినీ, ఫంక్ లయనూ జోడించడం దాని లక్షణం. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో 1995లో ఏర్పడిన స్నాట్ బృందం 1997లో 'గెట్ సమ్' అనే ఆల్బమ్‌ను వెలువరించింది. అందలి భాష మొరటుది, ఆవేశం హద్దులెరుగనిది. సౌకుమార్యాన్ని కోరేవారికి అది రుచించకపోవచ్చు. అయితే పంక్ వేగాన్నీ, ఫంక్ లయనూ ఒకే పాటలో ఇముడ్చుకొన్న నేర్పు కాదనలేనిది.

1998 డిసెంబరు 11న ఆ బృంద గాయకుడు లిన్ స్ట్రెయిట్ ముప్పయ్యేళ్ల వయస్సులో కారు ప్రమాదంలో మరణించాడు. ఆల్బమ్ ముఖచిత్రంపై కనిపించే అతని పెంపుడు కుక్క డాబ్స్ కూడా ఆ ప్రమాదంలోనే ప్రాణాలు విడిచింది. రెండవ ఆల్బమ్ కోసం కూర్చిన బాణీలు మాత్రం మిగిలాయి. లిన్ గాత్రంతో పూర్తయిన స్టూడియో ఆల్బమ్ 'గెట్ సమ్' ఒక్కటే.

ఆ బాణీలను ఏమి చేయాలి? మూలన పడవేయవచ్చు, లిన్‌ను అనుకరించగల గొంతును వెదకి పాడించవచ్చు. మిత్రులు ఆ రెండూ చేయలేదు. కార్న్ గాయకుడు జొనాథన్ డేవిస్, సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్ గాయకుడు సెర్జ్ టాంకియన్, స్లిప్‌నాట్ గాయకుడు కోరీ టేలర్ మొదలైనవారు తలా ఒక పాటకు తమ గళాన్ని అందించారు. 2000లో 'స్ట్రెయిట్ అప్' పేరుతో ఆ నివాళి వెలువడింది.

అకాల మరణమే ఆ బృందానికి పేరు తెచ్చిందని కొందరు అనవచ్చు. మరణం సానుభూతిని తెస్తుంది, నిజమే. కానీ ఒకే శ్రోతల కోసం పోటీపడే గాయకులను ఒక్కచోట చేర్చడానికి సానుభూతి మాత్రమే చాలదు. పోయినవాని ప్రతిభపై గౌరవం ఉండాలి. వారెవరూ లిన్ వలె పాడబూనలేదు. ఎవరి గొంతుతో వారు పాడి, అతని స్థానాన్ని అతనికే విడిచిపెట్టారు. మిగిలిపోయిన పనిని పూర్తిచేయవలసివచ్చిన వారెవరికైనా అనుసరణీయమైన మర్యాద ఇదే.