నమూనా రైలుమార్గము – గని కట్టడములు

చిన్న రైలుమార్గములను నమూనాలుగా నిర్మించువారిలో కొందరు వాని ప్రక్కన గట్టిరాతి గనుల కట్టడములను గూడ నిలుపుదురు. బంగారము, వెండి మున్నగు లోహములను రాతిపొరలనుండి త్రవ్వితీయు గనులివి. ఈ పనికి పూనుకొన్నవారిలో పెక్కురు మొదట చూచునది తుప్పుపట్టిన రేకు, వెలిసిన పలక, క్రుంగిన కప్పు. అవి కంటికింపైనవే. కాని మొదట చూడవలసినది రాతి నడక యని నా యభిప్రాయము. రాయి యెచ్చట పైకి వచ్చెను, ఎచ్చట నలిగెను, ఎచ్చట బండి కెక్కెను? ఈ మూడు ప్రశ్నలకు బదులీయని నమూనా బొమ్మయే గాని గని కాదు.

అమెరికాలో కొలరాడో రాష్ట్రమందలి సిల్వర్టన్ పట్టణమును చూడుడు. 1882లో మూడడుగుల వెడల్పుగల యిరుకు రైలుమార్గము ఆ కొండలోయకు చేరి, అచ్చటి ఖనిజమును డురాంగోలోని కొలుములకు మోసినది. ఆ పట్టణ సమీపమున 1929లో కట్టబడి 1991లో మూతపడిన మేఫ్లవర్ మిల్లు కొండవాలున మెట్లుమెట్లుగా దిగుచుండును. అది సొగసుకొరకు గాదు. పైని పడిన రాయి తన బరువుచేతనే క్రిందియంత్రములకు జారుటకొరకు. దానిని చదునునేలపై నిలిపినచో ఆకారము మిగులును, అర్థము పోవును.

షాఫ్టుపై నిలుచు గోపురమునకును ఇదియే న్యాయము. త్రాడు దానిని చుట్టుయంత్రపు ఇంటివైపు లాగుచుండును గనుక, గోపురపు ఏటవాలు కాళ్లు ఆ దిక్కుననే యుండవలెను.

ఎన్ కొలతలో, అనగా నూటయరువదవ వంతున, నూరడుగుల గోపురము ఏడున్నర యంగుళములగును. ఆరడుగుల మనిషి అరయంగుళమైన నుండడు. చోటు చాలనిచో కిటికీల వరుసలను తగ్గింపవచ్చును గాని తలుపును, మెట్టును, మనిషిని తగ్గింపరాదు. మిల్లు ఎంత పెద్దదో వానిచేతనే తెలియును.

ఆటవస్తువునకు ఇంత విచారమేల యని కొందరందురు. కోలారు బంగారుగనులలో తమిళులతోపాటు తెలుగువారును తరతరములు శ్రమించిరి. 1894లో బౌరింగుపేటనుండి ఆ గనులకు రైలు నడచినది. పదివేల యడుగులకు మించి లోతునకు దిగిన ఆ గనులు 2001లో మూతపడినవి. ఏ కట్టడమున ఏ పని జరిగెనో స్వానుభవమున చెప్పగలవారు ఏటేట తగ్గుచున్నారు. వారినడిగి, అట్టముక్కలతోనైనను క్రమము తప్పక కట్టిన నమూనా, మనుమలకు తాతల పనిని చూపగలదు. అందు రంగు తప్పినను క్షమింపవచ్చును; పంజరముకొరకు కాచుకొనియున్న కూలివాని యాకృతి లేనిచో అది పెద్దలోపము.

కావున విద్యార్థులారా, కత్తియు జిగురును చేపట్టుటకు ముందు పెన్సిలు చేపట్టి, షాఫ్టు మొదలు రైలుబండి వరకు రాతి త్రోవను గీయుడు. పిమ్మట ఏ గోడ ఎచ్చట నిలువవలెనో ఆ గీతయే మీకు చెప్పును.